చేతులెత్తండి

మండపేటలో కొప్పిశెట్టి ఏడుకొండలు అనే హాస్యనటుడు ఉండేవాడు. ఎవరినైనా ఇట్టే నవ్వించేవాడు గాని, ఆ నవ్వు ఎవరి మీద పడుతోందో చూసుకునే అలవాటు మాత్రం అతనికి లేదు.

అతను పుట్టుకతోనే నటుడని ఇప్పుడు మా ఊళ్ళో అందరూ చెప్పుకుంటారు. అదేం కాదు. పుట్టుకతో అతనికి వచ్చింది మతిమరుపు. మా ఊరి మిత్ర కళా సమితి వాళ్ళు నాటకం వేస్తే, అతనికి నౌకరు వేషమో పోస్టుమాన్ వేషమో ఇచ్చేవారు. వేషం మొత్తానికి నాలుగు మాటలుండేవి. అందులో మూడు మరిచిపోయేవాడు. నటుడు కంఠతా పట్టవలసిన మాటల్ని నాటకాలవాళ్ళు పోర్షన్ అంటారు.

"పోర్షన్ వచ్చిందా ఏడుకొండలూ?" అని అడిగితే, "నోట్లోనే ఉందండి. బయటికి రావడమే తరువాయి" అనేవాడు.

అయినా వేదిక మీద అతను ఏనాడూ నవ్వులపాలు కాలేదు. తెర పక్కన స్టూలు మీద మేడిశెట్టి పేరయ్య గారు కూర్చుని ఉండేవారు కాబట్టి.

పేరయ్య గారు దర్జీ. మెయిన్ రోడ్డులో మందుల షాపు పక్కన ఆయన కొట్టు. రోజూ బట్టలు కుట్టేవారు. నాటకం ఉన్న రోజున మాత్రం మిషను మీద గుడ్డ కప్పి, నాటకం పుస్తకం చేత పట్టుకుని వచ్చి తెర పక్కన కూర్చునేవారు. వేదిక మీద ఎవరైనా మాట మరిచిపోతే, ఆ మాటను గుసగుసగా చెప్పేవారు. ఈ పనిని మా వాళ్ళు 'మాట అందించడం' అంటారు.

చిత్రం ఏమిటంటే పేరయ్య గారికి నత్తి. మామూలుగా మాట్లాడితే మొదటి అక్షరం దగ్గరే మాట ఆగిపోయేది. ఆగిన మాటను బయటికి లాగడానికి ఎడమచేత్తో తొడ మీద రెండుసార్లు తట్టుకునేవారు. కాని గుసగుసలాడేటప్పుడు నత్తి ఉండేది కాదు. ఎంత పొడవాటి డైలాగైనా నూనె వేసిన మిషనులా సాగిపోయేది.

"అదేంటి బాబాయ్, ఈ స్టూలెక్కితే నీ నత్తి ఎటు పోద్ది?" అని ఏడుకొండలు ఒకసారి అడిగాడు.

పేరయ్య గారు నవ్వి, దగ్గరికి రమ్మని వేలితో సైగ చేశారు. చెవిలో గుసగుసగా చెప్పారు. "గట్టిగా మాట్లాడితే అందరూ నా మూతి వంకే చూస్తారురా. గుసగుసలాడితే ఎవడూ చూడడు. చూడకపోతే మాట దానంతటది వచ్చేద్ది."

ఇంకోసారి నాటకం అయ్యాక ఏడుకొండలు నిష్ఠూరంగా మాట్లాడాడు. "నడి వేదిక మీద అంతసేపు నోరు తెరుచుకుని నిలబడ్డాను. ఒక్క మాట అందించలేదేం బాబాయ్?"

"నువ్వు మరిచిపోలేదురా, ఆగావు" అని పేరయ్య గారు అతని చెవిలో అన్నారు. "మరిచినోడి కళ్ళు నా వైపు తిరుగుతాయి. ఆగినోడి కళ్ళు మాట మీదే ఉంటాయి. మరిచినోడికి మాట అందించాలి. ఆగినోడి కోసం ఆగాలి. ఆ తేడా తెలీనోడు ఈ స్టూలు మీద కూర్చోకూడదు."

"గుడ్డలకే అనుకున్నా, మాటలకి కూడా కొలతలు తీస్తావా?" అని ఏడుకొండలు నవ్వేశాడు. బాబాయ్ చెప్పిన ఆ తేడా కూడా తన పోర్షన్లాగే మరిచిపోయాడు.

కొన్నాళ్ళకు అతను సినిమాల్లో వేషాల కోసం హైదరాబాదు వెళ్ళాడు. మూడేళ్ళు ఊరేగింపుల్లో నడిచాడు, పెళ్ళి పందిళ్ళలో భోజనాల బంతిలో కూర్చున్నాడు, రెండు సినిమాల్లో శవంగా పడుకున్నాడు. ఆ శవం వేషాలకు పోర్షన్ లేదు కాబట్టి బాగా చేశాడని మేం ఇక్కడ చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం.

ఒకరోజు అతనికి దర్జీ వేషం వచ్చింది. ఒక రౌడీకి కొలతలు తీయాలి. ఉన్నది ఒక్కటే మాట, 'చేతులెత్తండి' అని. "ఉత్తినే అంటే ఏం బాగుంటుంది? ఏదైనా కొత్తగా చెయ్యవయ్యా" అన్నాడు దర్శకుడు.

ఏడుకొండలు ఒక్క క్షణం ఆలోచించాడు. టేపు మెడలో వేసుకున్నాడు. పెన్సిలు చెవిలో దోపుకున్నాడు. రౌడీ వెనక్కి వెళ్ళి, "చే... చే... చే..." అని, ఎడమచేత్తో తొడ మీద రెండుసార్లు తట్టుకుని, "చేతులెత్తండి" అన్నాడు. ఆ రౌడీ వేసినవాడు కూడా గడుసువాడే. వెనక నుంచి పోలీసులు వచ్చారనుకున్నట్టు బెదిరిపోయి రెండు చేతులూ పైకెత్తేశాడు. వాడి చొక్కాలోంచి కత్తి కిందపడింది. సెట్టు మీద అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు.

సినిమా అంతంతమాత్రంగా ఆడింది. ఆ ఒక్క సీను మాత్రం రాష్ట్రమంతా పాకింది. బస్సుల్లో, కాలేజీల్లో, పెళ్ళిళ్ళలో ఎక్కడ చూసినా "చే... చే... చేతులెత్తండి" అనడం, ఎదుటివాళ్ళు చేతులెత్తడం, అందరూ నవ్వడం. ఆ తర్వాత ఏడుకొండలు నత్తి వకీలు వేశాడు. నత్తి పురోహితుడు వేశాడు. నత్తి హెడ్ కానిస్టేబులు వేశాడు. పదేళ్ళలో నలభై సినిమాలు చేశాడు. నలభైలోనూ తొడ మీద ఆ రెండు దెబ్బలూ ఉన్నాయి.

మొదటి సినిమా వచ్చినప్పుడు అతను పేరయ్య గారింటికి ఫోను చేశాడు. "పిన్నీ, బాబాయ్ మాటతో గట్టెక్కానని చెప్పు. ఆయన పేరు నిలబెట్టానని చెప్పు" అని పేరయ్య గారి భార్య మంగాయమ్మతో అన్నాడు. నిజంగా అలాగే అనుకున్నాడు. అతనిలో ఏ మూలా కుళ్ళు లేదు, ఈ సంగతి నేను ఎవరి దగ్గరైనా చెప్తాను. తనకు నచ్చిన మనిషిని చేసి చూపించాడు. ఆ మనిషికి నచ్చిందో లేదో మాత్రం అడగలేదు.

పేరయ్య గారు భార్యతో కలిసి మా ఊరి హాల్లో ఆ సినిమా చూశారు. ఆ సీను రాగానే ఆయన కూడా నవ్వారు. దాచడమెందుకు, గట్టిగానే నవ్వారు. అంతలో ముందు వరసలో ఒకతను వెనక్కి తిరిగి చూసి, "ఒరేయ్, అసలాయన ఇక్కడే ఉన్నాడ్రా" అన్నాడు. వరసలు వరసలుగా జనం వెనక్కి తిరిగి చేతులెత్తారు. పేరయ్య గారి నవ్వు అక్కడ ఆగింది.

ఆ తర్వాత కొట్టుకు ఎవరు వచ్చినా ఇదే తంతు. ఆయన టేపు తీసి "చే..." అనేలోపే చేతులు లేచిపోయేవి. వెనకాల కిసుకిసలు వినబడేవి. ఆ ఎత్తినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. పెళ్ళికి సూటు కుట్టించుకోవడానికి వెళ్ళాను. నా స్నేహితులు నలుగురు పక్కనున్నారు. వాళ్ళను నవ్వించాలని చేతులెత్తేశాను. పేరయ్య గారు తల వంచుకుని కొలతలు రాసుకున్నారు. సూటు మాత్రం చక్కగా కుట్టి ఇచ్చారు. ఆ సూటు వేసుకున్నప్పుడల్లా నాకు సిగ్గేస్తుంది.

కొన్నాళ్ళకు ఆయన ఆ మాట అనడమే మానేశారు. మోచేతి కింద వేళ్ళతో మెల్లగా తట్టేవారు, చేతులెత్తమని గుర్తు. అంతటితో పోతే బాగుండేది. ఆ ఏడాది నాటక పరిషత్తు పోటీల్లో మా వాళ్ళ నాటకం పడింది. పేరయ్య గారు ఎప్పటిలాగే స్టూలు మీద కూర్చున్నారు. రెండో రంగంలో నాయకుడు మాట మరిచి తెర వైపు చూశాడు. పేరయ్య గారు నోరు తెరిచారు. "ప... ప... ప..." అంతే. గుసగుసకు కూడా నత్తి వచ్చింది. తెర చాటున కూర్చున్నా, లోకమంతా తన మూతి వంకే చూస్తున్నట్టు ఆయనకు అనిపించిందట. నాయకుడు చెమటలు కక్కుతూ నిలబడ్డాడు. చివరికి తెర దించేశారు.

మర్నాడు పేరయ్య గారు నాటకం పుస్తకాన్ని గుడ్డలో చుట్టి సమితి కార్యదర్శికి ఇచ్చేశారు. ముప్ఫై ఏళ్ళు కూర్చున్న స్టూలు వదిలేశారు. దర్జీ పని ఆయనకు కూడు పెట్టేది. ఆ స్టూలు మీదే ఆయన నలుగురిలాగా మాట్లాడగలిగేవారు. అది కూడా పోయింది.

అక్కడ హైదరాబాదులో ఏడుకొండలుకు ఇవేమీ తెలియవు. కొత్త హాస్యనటులు వచ్చారు. సినిమాలు తగ్గి, తగ్గి, ఆగిపోయాయి. సరిగ్గా అప్పుడే ఒక టీవీ ఛానల్ వాళ్ళు పిలిచి షో అప్పగించారు. దాని పేరు కూడా 'చేతులెత్తండి'. హాల్లో రెండు వందల మంది ప్రేక్షకులు. ఏడుకొండలు పరుగెత్తుకుంటూ వచ్చి తొడ తట్టుకుని ఆ మాట అనగానే అందరూ చేతులెత్తాలి. ఆలస్యంగా ఎత్తినవాణ్ణి వేదిక మీదికి పిలిచి ఆటలాడించేవాడు. వచ్చినవాడి బట్టతలో, నడకో, యాసో, ఏది దొరికితే దాన్ని అందుకునేవాడు. వాళ్ళు ఒక మాట మొదలుపెడితే అది పూర్తి కాకముందే తన మాట వేసి నవ్వించేవాడు. ఇంటింటా ఆ షో చూసేవారు. ఇంక అతనికి సినిమాలు లేవు, నాటకాలు లేవు. ఉన్నదల్లా ఆ ఒక్క షోనే.

షో రెండు వందల భాగాలకు వచ్చింది. దాన్ని నడిపే డైరెక్టరు నీరజ అనే అమ్మాయి, చాలా చురుకైనది. ఏడుకొండలు ఎప్పుడో ఒక ముఖాముఖిలో "ఈ మాట మా ఊరి దర్జీ బాబాయిది" అన్న సంగతి ఆమె కంటబడింది. అతనికి చెప్పకుండా అతని పేరుతోనే మండపేటకు ఉత్తరం పంపింది. 'బాబాయ్, నిన్ను చూడాలని ఉంది. తప్పకుండా రావాలి' అని అందులో ఉంది.

పేరయ్య గారు ఆ ఉత్తరం నాలుగుసార్లు చదివారు.

"పి... పిలిచాడే" అన్నారు భార్యతో.

"పిలిచింది నవ్వడానికే. పదిహేనేళ్ళుగా గుర్తు రానోడికి ఇప్పుడెందుకు గుర్తొచ్చావ్? వెళ్ళొద్దు" అంది మంగాయమ్మ.

"ఒ... ఒక్క మాట అడగాలి."

"ఏం మాట?"

ఆయన తొడ తట్టుకున్నారు. రాలేదు. పెన్సిలు తీసి, గుడ్డ మీద గీతలు గీసే చోట ఒక కాగితం ముక్క పెట్టి రాశారు. 'ఆ మాట ఇంక ఆపెయ్యరా ఏడుకొండలూ.' మంగాయమ్మ చదివి, ఆయన సంచి సర్దడానికి లేచింది.

ఎనిమిది రోజులు పేరయ్య గారు మిషను తొక్కుతూ ఆ ఒక్క వాక్యం వల్లె వేశారు. జీవితంలో మొదటిసారి ఆయనకూ ఒక పోర్షన్ వచ్చింది. ఉత్త చేతులతో వెళ్ళడం ఇష్టం లేక, ఏడుకొండలు కోసం ఆకాశనీలం చొక్కా ఒకటి కుట్టారు. కొలతలు టీవీలో చూసి అంచనా వేశారు. తర్వాత రాజమండ్రిలో రైలెక్కారు.

రికార్డింగు మధ్యాహ్నం మొదలైంది. ఏడుకొండలు చెవిలో ఒక చిన్న పరికరం ఉండేది. ఏం చేయాలో నీరజ లోపలి గదిలోంచి అందులో చెప్పేది. "సార్, ఇప్పుడు మీ ఊరి అతిథి వస్తున్నారు" అంది. పక్క తెర తొలగింది. చేతిలో కాగితం పొట్లంతో పేరయ్య గారు వచ్చి దీపాల వెలుగులో నిలబడ్డారు.

ఏడుకొండలు నిజంగానే పొంగిపోయాడు. పరుగున వెళ్ళి కాళ్ళకు దండం పెట్టాడు. "బాబాయ్, నువ్వా? ఎంత చిక్కిపోయావు" అన్నాడు. తర్వాత ప్రేక్షకుల వైపు తిరిగాడు. "ఆ మాటకు అసలు యజమాని ఈయనేనండి. మా పేరయ్య బాబాయ్."

హాలు హోరెత్తింది. ఎవరూ చెప్పకుండానే రెండు వందల మంది చేతులెత్తేశారు.

"ఆయనతో ఒక్కసారి ఆ మాట అనిపించండి సార్" అంది నీరజ చెవిలో.

"బాబాయ్, ఒక్కసారి అను. వీళ్ళందరూ నీ నోట వినాలని ఎత్తారు చూడు."

పేరయ్య గారు ఆ చేతుల వంక చూశారు. వచ్చిన పని గుర్తు తెచ్చుకున్నారు. పొట్లం చంకలో పెట్టుకుని నోరు తెరిచారు. "ఆ... ఆ... ఆ..."

ఏడుకొండలుకు చేతికి అందింది వదిలే అలవాటు లేదు. "ఆ... ఆ... ఆవలింతా బాబాయ్? రైల్లో నిద్ర లేదా?" అన్నాడు.

హాలంతా నవ్వు. పేరయ్య గారు కూడా మర్యాదకు కొంచెం నవ్వారు. మళ్ళీ మొదలుపెట్టారు. తొడ తట్టుకున్నారు. "ఆ... ఆ..."

ఏడుకొండలు కూడా తొడ తట్టుకున్నాడు. "ఆ... ఆ... ఆవకాయా? ఆ పొట్లంలో ఉన్నది పిన్ని పెట్టిన ఆవకాయేనా?"

ఈసారి నవ్వు ఆగలేదు. ముందు వరసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. ఎత్తిన చేతులు ఊగుతున్నాయి. "సూపర్ సార్, ఇంకోటి" అంది చెవిలో నీరజ.

పేరయ్య గారు ఇంక గట్టిగా మాట్లాడే ప్రయత్నం మానుకున్నారు. దగ్గరికి రమ్మని వేలితో సైగ చేశారు. పాత రోజుల్లో తెర పక్కన చేసినట్టే. ఏడుకొండలు నవ్వుతూ వంగి చెవి ఒగ్గాడు.

"ఆ... ఆ... ఆ మా..." అంది గుసగుస.

ఏడుకొండలు నవ్వు ముఖం మీదే ఉండిపోయింది గాని కళ్ళలోంచి పోయింది. ఆ హాల్లో రెండు వందల మంది ఉన్నారు. ఆ గుసగుసకు ఒకప్పుడు నత్తి లేదని తెలిసినవాడు అతనొక్కడే. ఎన్ని నాటకాల్లో ఆ గుసగుస పట్టుకుని అతను ఒడ్డున పడ్డాడో. అది విరిగిపోయింది. ఎవరు విరగ్గొట్టారో ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. పైకి ఎత్తి ఉన్న నాలుగు వందల చేతులే చెబుతున్నాయి.

"సార్, ఆగారేం? ఇంకోటి వేయండి" అంది నీరజ.

అతను చెవిలోంచి ఆ పరికరం తీసి జేబులో వేసుకున్నాడు.

"చేతులు దించండి" అన్నాడు.

ఇదీ ఒక జోకే అనుకుని జనం నవ్వారు.

"దయచేసి దించండి" అన్నాడు మళ్ళీ. ఆ గొంతులో నత్తి లేదు, వేషం లేదు. ఒక్కొక్క చెయ్యీ కిందికి దిగింది. హాలు సద్దుమణిగింది.

"బాబాయ్, నువ్వేదో చెప్పాలనుకున్నావు. చెప్పు."

పేరయ్య గారు నోరు తెరిచారు. "ఆ... ఆ..." ఏడుకొండలు నాలుక చివర నాలుగైదు మాటలు తయారుగా ఉన్నాయి. అలవాటు అంత తొందరగా పోతుందా. పోనీ, తనే మంచి మాట ఏదైనా అందించి ఈ ముసలాయన్ని గట్టెక్కిద్దామనుకున్నాడు. అప్పుడు ఆయన కళ్ళలోకి చూశాడు. అవి సాయం కోసం అతని వైపు తిరగలేదు. ఎదురుగా, గాలిలో ఎక్కడో, మాట మీదే ఉన్నాయి. ఈయన మరిచిపోలేదు, ఆగాడు. స్టూలు మీద కూర్చుని ఒకప్పుడు ఈయన చెప్పినదంతా అతనికి అక్షరం పొల్లుపోకుండా గుర్తొచ్చింది. ఏ పోర్షనూ గుర్తుండని మనిషికి అదొక్కటి గుర్తొచ్చింది.

అతను నోరు మూసుకుని ఆగాడు.

టీవీలో అంతసేపు ఎవరూ ఆగరు. తర్వాత నీరజ చూస్తే నిమిషం మీద ఇరవై సెకన్లు ఉందట. దీపాల వేడికి పేరయ్య గారి నుదుట చెమట పట్టింది. తొడ మీద ఒకసారి తట్టుకున్నారు, రెండోసారి తట్టుకున్నారు.

"ఆ మాట ఇంక ఆ... ఆపెయ్యరా ఏడుకొండలూ" అన్నారు. కొంచెం ఊపిరి పీల్చుకుని, వల్లె వేయని మాట కూడా ఒకటి చెప్పారు. "నా గు... గుసగుస పోయింది."

ఏడుకొండలు అందరి ముందూ ఏడ్చాడు. "ఆపేస్తాను బాబాయ్" అన్నాడు. పేరయ్య గారు అతని భుజం తట్టి, చంకలోని పొట్లం తీసి అతని చేతిలో పెట్టారు.

రికార్డింగు అయ్యాక నీరజ మేకప్ గదికి వచ్చింది. ఆమె కళ్ళూ ఎర్రగానే ఉన్నాయి. కాని ఆమె ఉద్యోగం ఆమెది.

"సార్, ఆవకాయ దాకా వేసి అక్కడ కట్ చేద్దాం. అంత నవ్వు మన షోలో ఎప్పుడూ రాలేదు. మీరు ఏడ్చింది వెయ్యం. మీ పరువు కోసమే చెప్తున్నా."

"అదేం వేయొద్దమ్మా."

"రెండు వందో భాగం సార్. పైవాళ్ళకి ఏం చెప్పను?"

"ఏడుకొండలు ఇంక ఆ మాట అనడు, తొడ తట్టుకోడు అని చెప్పు."

నీరజ ఎదురు కుర్చీలో కూర్చుంది. "షో పేరే అది సార్. ఆ మాట లేకపోతే షో లేదు. మీకు ఇంకో షో కూడా లేదు. ఆలోచించుకోండి."

"తెలుసమ్మా. నేను చేతులెత్తేశాను" అన్నాడు ఏడుకొండలు. పదిహేనేళ్ళలో ఆ మాటతో అతను ఎవరినీ నవ్వించాలనుకోకపోవడం అదే మొదటిసారి.

రెండు వందో భాగం టీవీలో రాలేదు. నెల తిరక్కుండా షో ఆగిపోయింది. ఆ షో వచ్చే సమయంలో ఇంకెవరో, ఇంకేదో పేరుతో వచ్చారు. జనం కొన్నాళ్ళు ఏడుకొండలు ఏమయ్యాడని అడిగి, తర్వాత అడగడం మానేశారు.

ఒక ఉదయం నేను ప్యాంటు పొట్టి చేయించుకుందామని పేరయ్య గారి కొట్టులో బెంచీ మీద కూర్చున్నాను. ఏడుకొండలు గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. ఆకాశనీలం చొక్కా వేసుకున్నాడు. అందులో ఇంకో మనిషి పట్టేంత చోటుంది.

"వదులైంది బాబాయ్" అన్నాడు.

"టీ... టీవీలో లావుగా కనబడ్డావు" అన్నారు పేరయ్య గారు.

"అందులో అందరం ఉన్నదాని కంటే లావుగానే కనబడతాం. మళ్ళీ కొలతలు తియ్యి."

పేరయ్య గారు మెడలోంచి టేపు తీశారు. అలవాటు చొప్పున ఆయన వేళ్ళు ఏడుకొండలు మోచేతి కిందికి వెళ్ళాయి, తట్టడానికి. ఏడుకొండలు చేతులు ఒంటికి గట్టిగా ఆనించుకున్నాడు.

"ఇదేంటి బాబాయ్, తట్టడం? నోటితో చెప్పు. చెప్తేనే ఎత్తుతాను."

పేరయ్య గారు బెంచీ మీదున్న నా వంక చూశారు. నేను తల దించుకుని నా చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకున్నాను. ఆయన తొడ మీద తట్టుకున్నారు. "చే... చే..." ఏడుకొండలు కదల్లేదు. అతని ముఖంలో నవ్వూ లేదు, జాలీ లేదు. బస్సు కోసం నిలబడ్డవాడిలా, వచ్చేదేదో వస్తుందని నమ్మకంగా నిలబడ్డాడు. "చే... చే... చే..." రోడ్డు మీద ఆటో ఒకటి వెళ్ళిపోయింది.

"చేతులెత్తరా" అన్నారు పేరయ్య గారు.

అప్పుడు ఎత్తాడు ఏడుకొండలు. ఆ మాటను దాని సొంతదారు నోట పూర్తిగా నేను విన్నది అదే మొదటిసారి. అన్నేళ్ళలో ఒక్కసారైనా పూర్తి కానిచ్చానా నేను?

ఇప్పుడు ఏడుకొండలు మండపేటలోనే ఉంటున్నాడు. మిత్ర కళా సమితిలో మళ్ళీ నౌకరు వేషాలు వేస్తున్నాడు. అతని పోరు పడలేక పేరయ్య గారు మళ్ళీ స్టూలెక్కారు. ఏడుకొండలు ఇప్పటికీ మాటలు మరిచిపోతూనే ఉంటాడు. పేరయ్య గారి గుసగుస ఇప్పుడు చాలావరకు బాగుపడింది గాని, ఒక్కోసారి తడబడుతుంది. అలాంటప్పుడు ఏడుకొండలు వేదిక మధ్య అలాగే నిలబడి, మాట వచ్చేదాకా ఆగుతాడు. ముందు వరసల్లో కొత్తవాళ్ళు ఆ ఆగడం చూసి, ఎంత గొప్ప నటన అని చప్పట్లు కొడతారు. మేం ఎవరమూ వాళ్ళకు అసలు సంగతి చెప్పం.

నేను ఆలస్యంగా నేర్చుకున్న నీతిని మీరు ముందే నేర్చుకోండి: ఎదుటివాడి తడబాటును అందుకుని పదిమందిని నవ్వించడం ఎవరైనా చేయగలరు, అతని మాట పూర్తయ్యేదాకా ఆగగలిగినవాడే పెద్దమనిషి.